చైన్ రంపం మిషన్‌తో చెట్టు కోయడం: జామాయిల్ తోట నుంచి తుపానుకు ఒరిగిన వేపమాను దాకా

ఒంగోలు, దర్శి, కందుకూరు వైపు జామాయిల్, సుబాబుల్ తోటలు. తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు, అదే సవక. చెరువు కట్టలు, బీళ్లు, కాలవ గట్లు ఎక్కడ చూసినా చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ. ఒకప్పుడు గొడ్డలి, ఇద్దరు పట్టి లాగే రంపం చేసిన పనంతా ఇప్పుడు పెట్రోలు మిషన్ మీద పడింది. కొన్నప్పుడు దుకాణంలో నేర్పేది స్టార్ట్ చేయడం వరకే. దెబ్బలు తగిలేది అక్కడ కాదు. ఒకటి బార్ (తన చుట్టూ చైను తిరిగే పొడుగాటి ఇనుప పలక) మొన దగ్గర, రెండోది బిగుసుకుని ఉన్న కొయ్యలో. మొన దేన్ని తాకుతోంది, కోత పడగానే కొయ్య ఎటు కదులుతుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా యాక్సిలరేటర్ నొక్కకూడదు.

ఏ మిషన్, ఎంత బార్

కాగితం మిల్లుకు పోయే కర్ర చాలావరకు నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల లావు ఉంటుంది. దానికి 14 నుంచి 16 అంగుళాల బార్ ఉన్న చిన్న మిషన్ చాలు. మార్కెట్లో చవగ్గా దొరికే 58 సీసీ, 22 అంగుళాల బార్ మిషన్లను చూసి, పొడుగుంటే పని ఎక్కువవుతుందని కొంటారు. సన్న కర్రను పొడుగు బార్‌తో కోస్తే మొన అవతలికి పొడుచుకొచ్చి, కనపడని పక్క కొమ్మనో మొద్దునో తాకుతుంది. బరువు వల్ల గంటకే చేతులు సడలుతాయి. పొడుగు బార్ చింత, వేప, నిద్రగన్నేరు లాంటి పెద్ద మాన్లకే ఉంచుకోండి.

మిషన్‌లో మన ప్రాణం కాపాడే భాగాలు కొన్ని ఉన్నాయి. ముందు పిడికి ఎదురుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ రెక్క చైన్ బ్రేకు. చైను తెగితే పట్టుకునే చిన్న కొక్కెం బార్ మొదట్లో, కింది వైపు ఉంటుంది. వెనక పిడి మీద అరచేత్తో నొక్కితే తప్ప యాక్సిలరేటర్ కదలకుండా ఆపే మీట ఒకటి. పిడులకూ ఇంజనుకూ మధ్య అదురు తగ్గించే రబ్బర్లు లేదా స్ప్రింగులు. వీటిలో ఏది విరిగినా ఆ రోజు మిషన్ పక్కన పెట్టాలి. రెక్క అడ్డొస్తోందని విప్పేసిన మిషన్లు సెకండ్ హ్యాండ్‌లో చాలా కనిపిస్తాయి. ఎంత తక్కువకు వచ్చినా అలాంటివి వద్దు.

ఒంటి మీద ఏముండాలి

లుంగీ, పంచె, మెడలో తువ్వాలు, హవాయి చెప్పులు: ఈ నాలుగింటితో మిషన్ పట్టుకోకూడదు. తువ్వాలు కొస చైనులో పడితే మెడను లాగేస్తుంది. హెల్మెట్, దానికి బిగించిన జాలీ ముసుగు, చెవులకు మఫ్స్, చేతికి తొడుగులు, ముందు ఇనుప టోపీ ఉన్న బూట్లు వేసుకోవాలి. ఈ మిషన్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటితేనే చెవికి రక్షణ కావాలి. రోజూ కోసేవాళ్లకు వినికిడి నెమ్మదిగా పోతుంది, పోయింది తిరిగి రాదు.

రంపం పనికి ప్రత్యేకంగా కుట్టిన ప్యాంటు ఉంటుంది. లోపల పొడుగాటి దారాల పొరలుంటాయి. చైను తగిలితే ఆ దారాలు లాక్కుపోయి, చైనును తిప్పే పళ్లచక్రంలో చుట్టుకుని చైనును ఆపేస్తాయి. ఖరీదే, ఎండకు ఉక్కపోస్తుంది కూడా. కానీ ఎక్కువ దెబ్బలు ఎడమ కాలి తొడ, మోకాలి మీదే పడతాయి కాబట్టి, కనీసం కాళ్ల ముందు వైపు కట్టుకునే పట్టీలైనా తెచ్చుకోవాలి. వేసవిలో తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకల్లా ఆపేయడం మేలు. వడగాలి మొదలయ్యాక హెల్మెట్ కింద కళ్లలోకి చెమట కారితే మొన కనపడదు. తీరప్రాంతంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి చెట్టు తలను తోస్తుంది, అదింకో కారణం.

ఒంటరిగా కోయకండి. కేక వేస్తే వినపడేంత దూరంలో రెండో మనిషి ఉండాలి. అతని దగ్గర ఫోను, వెడల్పాటి శుభ్రమైన గుడ్డ కట్టలు, నీళ్లు ఉండాలి. చైను గాయం పైపైన తెగినట్టు ఉండదు, కండను చీరేస్తుంది. రక్తం పొంగుతుంటే గుడ్డ కుక్కి బలంగా నొక్కి పట్టి, వదలకుండా 108కి ఫోన్ చేయించాలి. గుడ్డ తడిస్తే తీసేయకుండా దాని మీదే ఇంకోటి వేసి నొక్కాలి.

పెట్రోలు, ఆయిలు

ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో 2టీ ఆయిల్ కలపాలి. మంచి కంపెనీ 2టీ ఆయిల్‌కు 50కి 1: లీటరుకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100. కొన్ని చవక మిషన్లకు 25కి 1 అని పుస్తకంలో ఉంటుంది: లీటరుకు 40, 5 లీటర్లకు 200. మీ మిషన్ పుస్తకంలో ఏముంటే అదే. కొలత మూతతో పోయండి, అందాజుగా వద్దు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు మీద మసి. బైకు ఇంజను ఆయిల్ ఇందులో కలపకూడదు. అది టూ స్ట్రోక్‌లో సరిగ్గా కాలదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. అందుకే నాలుగైదు రోజులకు సరిపడా మాత్రమే కలపండి. రెండు నెలలుగా క్యానులో ఉన్న మిశ్రమం పోసి మిషన్ స్టార్ట్ కావట్లేదని మెకానిక్ దగ్గరకు తీసుకుపోయేవాళ్లే ఎక్కువ.

చైనుకు, బార్‌కు వేరే ఆయిల్ ట్యాంకు ఉంటుంది. పెట్రోలు నింపిన ప్రతిసారీ ఇది కూడా నింపాలి. పెట్రోలు అయిపోయేసరికి చైన్ ఆయిల్ ఇంకా నిండుగానే ఉందంటే ఆయిల్ పారడం లేదని అర్థం. పరీక్ష తేలిక: మొద్దు మీదో లేత రంగు కాగితం మీదో బార్ మొనను జానెడు ఎత్తులో పెట్టి ఇంజను వేగం పెంచితే సన్నటి నూనె గీత పడాలి. ట్రాక్టర్ల నుంచి దించిన మాడిన ఆయిల్ వాడడం మన దగ్గర మామూలైంది. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపును తినేస్తుంది. అది ఒంటి మీద, బట్టల మీద చిందుతూనే ఉంటుంది కూడా. చైన్ ఆయిల్ దొరకని రోజు కొత్త 40 నంబరు ఇంజను ఆయిల్ నయం.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి కాసేపు చల్లారనివ్వాలి. పోసిన చోటి నుంచి కనీసం 3 మీటర్లు జరిగాకే స్టార్ట్ చేయాలి. ఎండాకాలం జామాయిల్ తోటలో రాలిన ఆకంతా నూనెతో నిండి ఉంటుంది. వేడి సైలెన్సర్‌ను ఆకుల మీద పెడితే నిప్పంటుకోవడానికి క్షణం చాలు.

చైను బిగువు

ఇంజను ఆపి, చైను చల్లగా ఉన్నప్పుడు బిగించాలి. బార్ మొనను పైకి ఎత్తి పట్టుకుని పక్క స్క్రూ తిప్పండి. కింది వైపు చైను బార్‌కు అంటుకుని ఉండాలి, వేలాడకూడదు. బ్రేకు వదిలి, తొడుగు వేసిన చేత్తో లాగితే సులువుగా జరగాలి. బార్ మధ్యలో చైనును పైకి లాగినప్పుడు దాని అడుగు పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటకు రాకూడదు. కొత్త చైను మొదటి అరగంటలో సాగుతుంది కాబట్టి ఆగి ఆగి చూసుకోవాలి. పని అయ్యాక కాస్త వదులు చేయాలి. వేడి మీద బిగించి వదిలేస్తే చల్లారేటప్పుడు కుంచించుకుని క్రాంక్ బేరింగుల మీద లాగుతుంది.

స్టార్ట్ చేసే వరస

1. మిషన్‌ను చదును నేల మీద పెట్టండి. మొన దేనికీ తగలకూడదు. రెక్కను ముందుకు తోసి చైన్ బ్రేకు వేయండి.
2. ఎడమ చేత్తో ముందు పిడిని గట్టిగా నొక్కి పట్టండి. కుడి బూటు మొనను వెనక పిడిలో దూర్చి తొక్కి ఉంచండి.
3. ప్రైమర్ బుడగ ఉంటే నాలుగైదు సార్లు నొక్కండి. చల్లటి ఇంజనుకు చోక్ పూర్తిగా లాగండి.
4. తాడును మొదట నెమ్మదిగా, గట్టిగా తగిలే వరకు లాగి, తర్వాత ఒక్క ఊపున లాగండి. చివరి దాకా లాగొద్దు, వదిలేయొద్దు, చేత్తోనే వెనక్కి పోనివ్వండి.
5. ఒకసారి 'టప్' మని ఆగగానే చోక్‌ను సగానికి తెచ్చి మళ్లీ లాగండి. స్టార్ట్ అయ్యాక బ్రేకు ఉండగానే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తాకించి వదలండి, వేగం తగ్గి ఐడిల్‌కు వస్తుంది.

'టప్' మన్న శబ్దం గమనించకుండా పూర్తి చోక్ మీదే పది సార్లు లాగితే ఇంజనులోకి పెట్రోలు నిండిపోతుంది. అప్పుడు చోక్ తీసేసి, యాక్సిలరేటర్ నొక్కి పట్టి లాగాలి. అదీ కాకపోతే ప్లగ్గు విప్పి తుడిచి, ఆ రంధ్రం లోంచి పెట్రోలు బయటికి పోయేలా తాడు నాలుగు సార్లు లాగి బిగించాలి.

ఒక చేత్తో మిషన్‌ను గాల్లో వదులుతూ రెండో చేత్తో తాడు లాగడం చూడ్డానికి ఒడుపుగా ఉంటుంది. స్టార్ట్ అయిన క్షణంలో పట్టు తప్పితే బార్ కాలి మీదికి వస్తుంది. అలా చేసే వాళ్లను ముఠాలో మిషన్ పట్టనివ్వకూడదు.

స్టార్ట్ అయ్యాక రెండు పరీక్షలు. బ్రేకు వేసి ఒక్క క్షణం వేగం పెంచితే చైను కదలకూడదు. బ్రేకు తీసి ఐడిల్‌లో ఉంచినప్పుడు కూడా చైను తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించాలి. తగ్గించినా ఆగకపోతే క్లచ్ చూపించాలి.

మొన ఎందుకు ఎగదన్నుతుంది

బార్ పై అంచున చైను మన నుంచి అవతలికి పోతుంది. మొన చుట్టూ తిరిగి కింది అంచున మన వైపు వస్తుంది. మొనలో పైపావు భాగం దేనికైనా తగిలితే, అక్కడ పంటికి కొయ్యలో ఇరుక్కోవడం తప్ప కోయడానికి చోటుండదు. ఆ విసురంతా బార్‌కు తిరిగి, బార్ పైకి, మన మొహం వైపు లేస్తుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. మనిషి చూసి తప్పుకునేంత టైము అందులో ఉండదు. అందుకే ముందే సర్దుకుని నిలబడాలి:

ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి కిందనుంచి చుట్టి ఉండాలి, పిడి పైన నాలుగు వేళ్ల సరసన కాదు. మిషన్ లేస్తే మణికట్టు వెళ్లి రెక్కకు తగిలి బ్రేకు పడుతుంది. ఎడమచేతి వాటం ఉన్నా సరే, కుడి చెయ్యే వెనక, ఎడమ చెయ్యే ముందు. తల, మెడ బార్ తిరిగే గీతలో కాకుండా దానికి ఎడమగా ఉండాలి. భుజం ఎత్తు దాటిన కొమ్మను కింద నిలబడి కోయొద్దు. నిచ్చెన మీద, ట్రాక్టర్ ట్రాలీ అంచు మీద నిలబడి మిషన్ వాడొద్దు. కొయ్యను తాకే ముందే వేగం పూర్తిగా పెంచాలి, సగం వేగంతో తాకిస్తే బార్ ఎగురుతుంది.

కింది అంచుతో కోస్తే మిషన్ కొయ్య వైపు లాగుతుంది, ముందున్న ముళ్ల పట్టీని కొయ్యకు ఆనించి ఉంచితే కుదురుగా ఉంటుంది. పై అంచుతో, అంటే కింది నుంచి పైకి కోస్తే మిషన్ మన వైపు తోస్తుంది. అప్పుడు మోచేతులు ఒంటికి దగ్గరగా, కాళ్లు ఎడంగా ఉండాలి.

చెట్టు నిలువునా పడగొట్టడం

ముందుగా అనుమతి. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002 కింద సొంత పొలంలో చెట్టుకైనా కొన్ని జాతులకు అనుమతి కావాలి. తోటల్లో పెంచే కర్రకూ, వేప, చింతకూ నిబంధన ఒకటి కాదు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే మిషన్ తీయండి. ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండ దరిదాపుల్లో పొలం గట్టు మీద ఎర్రచందనం మొక్క కనపడితే ముట్టుకోకండి. పట్టా భూమిలో ఉన్నదైనా అనుమతి లేనిదే కొట్టకూడదు.

చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. మాను ఎటు ఒరిగి ఉంది, తల బరువు ఎటు ఉంది అన్నవి వేర్వేరు విషయాలు. మాను నిటారుగా ఉండి కొమ్మలన్నీ తూర్పుకు పెరిగిన చెట్టు తూర్పుకే పడుతుంది. పైన ఎండిపోయి వేలాడే కొమ్మలున్నాయేమో చూడండి. మిషన్ అదురుకు అవి నెత్తి మీద రాలుతాయి. మొదట్లో బోలు ఉందేమో గొడ్డలి తలతో తట్టి వినండి. కంచె పక్క చెట్టయితే బెరడులో మునిగిపోయిన ముళ్లకంపి, మేకులు వెతకండి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ, ఏ గొడ్డూ ఉండకూడదు. కరెంటు తీగ ఆ లోపల ఉంటే పని ఆపి 1912కు ఫోన్ చేసి లైన్ ఆపించండి. లైన్‌మన్ తీసేశానని చెప్పాకే కోత.

తప్పుకునే దారి ముందే కొట్టుకోవాలి. చెట్టు పడే దిక్కుకు సరిగ్గా వెనక కాదు, వెనక్కి ఏటవాలుగా, రెండు పక్కలా. సరిగ్గా వెనక ఉంటే మొదలు జారి తన్నుతుంది. నల్లరేగడిలో వాన పడ్డాక కాలు దిగబడుతుంది. అలాంటప్పుడు ఆ రోజు పెద్ద చెట్టు వద్దు.

30 సెంటీమీటర్ల లావు మాను లెక్క చూద్దాం.

ముందు గాటు: పడాల్సిన వైపు. మొదట పై నుంచి ఏటవాలు కోత, తర్వాత కింద అడ్డంగా కోత, రెండూ ఒకే గీతలో కలవాలి. లోతు 6 నుంచి 7.5 సెంటీమీటర్లు, అంటే లావులో నాలుగో వంతో ఐదో వంతో. గాటు నోరు కనీసం 45 డిగ్రీలు తెరుచుకోవాలి. చోటుంటే 60 నుంచి 70 ఇవ్వండి. నోరు చిన్నదైతే చెట్టు సగం ఒరిగేసరికే మూసుకుపోయి, బందు (గాటు వెనక కోయకుండా మిగిల్చే కొయ్య పట్టీ) అప్పుడే పుటుక్కున తెగుతుంది. రెండు కోతలు ఒకదాన్ని ఒకటి దాటి లోపలికి పోతే బందు ఆ మేరకు తెగినట్టే. దాటిన కోతను గుర్తించి గాటును సరిచేయాలి.

వెనక కోత: ఎదురు వైపు నుంచి, గాటు అడుగు కన్నా 2.5 నుంచి 5 సెంటీమీటర్లు పైన, నేలకు సమాంతరంగా. పూర్తిగా కోసేయకూడదు. గాటుకూ కోతకూ మధ్య లావులో పదో వంతు, అంటే 3 సెంటీమీటర్ల పట్టీ మిగలాలి. అదే బందు. తలుపుకు బందులా చెట్టును పట్టి ఉంచి మనం చూపిన దిక్కుకు దించేది అదే. ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా మిగిలితే చెట్టు లావు వైపు తిరుగుతుంది. పూర్తిగా తెగితే చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పడుతుంది. ఈ పనిలో జరిగే తప్పుల్లో ఇదే ముందు వరసలో ఉంటుంది: చెట్టు ఇంకా పడలేదే అని కోస్తూనే పోవడం. పడకపోతే చీల కొట్టాలి, బందు కోయకూడదు.

వెనక కోత సగం పడగానే చీల దూర్చండి, బార్ పట్టేయకుండా ఉంటుంది. చీల ప్లాస్టిక్‌ది గానీ, ఎండిన తుమ్మ చెక్కతో చేసింది గానీ ఉండాలి. ఇనుపది చైనుకు తగిలితే పళ్లు పోతాయి, ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. చెట్టు కదలడం మొదలవగానే మిషన్ తీసి, బ్రేకు వేసి, ఏటవాలు దారిలో 5 మీటర్లు పోవాలి, చెట్టు పైభాగం మీద చూపు పెట్టి. పడ్డాక కూడా కాసేపు ఆగాలి. విరిగి పక్క చెట్లలో చిక్కిన కొమ్మలు ఆలస్యంగా రాలుతాయి.

తోటలోని సన్న జామాయిల్‌కు చీల పట్టేంత చోటు ఉండదు. చిన్న గాటు పెట్టి, రెండో మనిషి పొడుగాటి పంగల కర్రతో ఎత్తుగా నెట్టాలి. మళ్లీ చిగురించాల్సిన జామాయిల్, సుబాబుల్ మొద్దును నేలకు జానెడు ఎత్తు లోపలే కొట్టి, బెరడు చీలకుండా, నీళ్లు నిలవకుండా కొంచెం వాలుగా కోయండి. వెనక కోత చివర్లో తొందరపడి చెట్టును తోసేస్తే బెరడు పొడుగ్గా ఊడి మొద్దు కుళ్లుతుంది, పిలకలు బలంగా రావు.

ముందుకు ఒరిగిన చెట్టు చీలి తన్నడం

పడాల్సిన వైపే బాగా ఒరిగిన చెట్టు సులువని అనుకుంటారు. అసలు గండం అదే. వెనక వైపు నారంతా లాగి బిగుసుకుని ఉంటుంది. వెనక కోత సగానికి రాకముందే మాను నిలువునా చీలి, వెనక పలక మనిషి ఎత్తు పైకి లేచి మొహం మీదికి తన్నుతుంది. నేరుగా నార పోయే జామాయిల్‌లో ఇది ఎక్కువ. కోస్తుంటే 'టకటక' మని పగిలే శబ్దం వచ్చిందంటే మిషన్ అక్కడే వదిలేసి పక్కకు పోవడమే.

దీనికి పద్ధతి వేరు. ముందు గాటు పెట్టాక, బందు వెనక పక్క నుంచి బార్‌ను మానులోకి పొడిచి, వెనక్కి కోసుకుంటూ పోయి చివర 3 నుంచి 5 సెంటీమీటర్ల పట్టీ వదిలేయాలి. బందు తయారై, వెనక పట్టీ మాత్రం చెట్టును పట్టి ఉంటుంది. తప్పుకునే దారిలో నిలబడి ఆ పట్టీని వెనక నుంచి, కోత కన్నా కాస్త కిందగా కోస్తే చెట్టు ఒక్కసారిగా పోతుంది. బార్ పొడిచేటప్పుడు మొన కింది భాగంతో మొదలుపెట్టి గాడి పడ్డాక నేరుగా తోయాలి. పై భాగంతో మొదలుపెడితే కిక్‌బ్యాక్ ఖాయం. దీన్ని పడి ఉన్న లావు దుంగల మీద బాగా అలవాటు చేసుకోనిదే నిలిచిన చెట్టు మీద ప్రయోగించకండి.

పక్క చెట్టులో చిక్కి ఆగిపోయిన చెట్టు కిందకు ఎవరూ పోకూడదు. పట్టుకున్న చెట్టును కోయడం, ఎక్కి ఊపడం, ఇంకో చెట్టును దాని మీద పడేయడం, మూడూ ప్రాణం మీదికి తెచ్చేవే. మొదట్లో మోకు కట్టి, దూరం నుంచి ట్రాక్టర్‌తో నెమ్మదిగా వెనక్కి లాగాలి. మోకు పొడుగు చెట్టుకు రెండింతలు ఉండాలి. బిగిసిన మోకుకు దగ్గర్లో ఎవరూ నిలబడొద్దు, తెగితే కొరడాలా వస్తుంది.

తాటి, కొబ్బరి మాన్లలో నార వేరేగా ఉంటుంది. బందు వేప, చింత మానులో పట్టినట్టు పట్టదు. వాటికి తలకు మోకు తప్పనిసరి. నార పొట్టు బార్ గాడిలో అట్టకట్టేస్తుంది, ప్రతి చెట్టుకూ గీకి తీయాలి.

కొమ్మలు, దుంగలు

పడిన చెట్టు కొమ్మలను మొదలు నుంచి తల వైపు తీసుకుంటూ పోండి. వీలైన చోట మాను మనకూ బార్‌కూ మధ్య ఉండాలి. చెట్టును నేల మీద మోస్తున్న కింది కొమ్మలను చివరికి వదలండి. అవి తెగితే మాను దొర్లుతుంది. గట్టు వాలులో పై వైపే నిలబడాలి.

ఇక దుంగలు. వంగిన కొయ్యలో ఒక వైపు నలిగి ఉంటుంది, ఎదురు వైపు సాగి ఉంటుంది. సాగిన వైపు కోస్తే నోరు తెరుచుకుంటుంది, నలిగిన వైపు కోస్తే బార్ పట్టేస్తుంది. రెండు కొసలూ ఆని మధ్య గాల్లో ఉంటే పై వైపు నలిగి ఉన్నట్టు. ముందు పై నుంచి మూడో వంతు లోతు, తర్వాత కింది నుంచి పైకి కోత. ఒక కొస గాల్లో వేలాడుతుంటే తిరగేసిన లెక్క: ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. బార్ ఇరుక్కుంటే లాగి ఊపకండి. ఇంజను ఆపి, చీల కొట్టి నోరు తెరిచి తీయాలి.

చిల్లచెట్టు పని ఇంకో రకం. ఒక మొదలు నుంచి ఐదారు మాన్లు, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వంగి పెరుగుతాయి. మిషన్ తీసే ముందు కత్తితో కింది ముళ్లకంప అంతా నరికి, నిలబడే చోటు, తప్పుకునే దారి శుభ్రం చేయాలి. ముల్లు చెప్పునే కాదు, ట్రాక్టర్ టైరునూ దింపుతుంది. పొద కింద పాములుంటాయి, కర్రతో కొట్టి చప్పుడు చేయండి. విల్లులా వంగి కొస నేలలో ఇరుక్కున్న కొమ్మను మధ్యలో ఒక్క దెబ్బకు కోయకండి, మొహాన్ని చరుస్తుంది. వంపు లోపలి వైపు నుంచి పల్చగా, కొంచెం కొంచెంగా చెక్కుతుంటే బిగువు దానంతటది సడలుతుంది.

తుపాను తర్వాత

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానైనా, 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ అయినా, ఈశాన్య రుతుపవనాల నెలల్లో మన తీరానికి చెట్లు కూలడం కొత్త కాదు. కూలిన చెట్లలో చిక్కు ఎక్కువ. వేళ్లతో సహా పెకలిన చెట్టుకు మాను బరువే వేళ్ల గడ్డను నేల మీద ఒరిగించి పట్టి ఉంచుతుంది. మాను కోయగానే గడ్డ ధనామని తిరిగి గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటలో ఆడుకునే పిల్లలు, గడ్డ వెనక నిలబడి చూసే జనం దానికింద పడతారు. గుంట వైపు ఎవరూ లేకుండా చూసి, గడ్డకు మోకు కట్టి బిగించి, వేళ్ల దగ్గర కాకుండా బారెడు దూరంలో కోయాలి. గడ్డ నిటారుగా లేచి ఉంటే ఇంకా దూరం.

తడిసిన కొమ్మల్లో చుట్టుకున్న కరెంటు తీగ చచ్చిపోయిందని మీకై మీరు తేల్చకండి. ఊరంతా కరెంటు లేకపోయినా ఎవరి ఇంటి జనరేటర్ నుంచో వెనక్కి పారొచ్చు. లైన్‌మన్ వచ్చి ఎర్త్ చేశాకే. రోడ్డు మీద పడిన చెట్టుకు జనం గుంపుగా చేరి తొందరపెడతారు. తలా ఒక కొమ్మ పట్టుకుని లాగుతుంటే మిషన్ నడపకూడదు, వాళ్లను దూరం పంపాకే కోయాలి.

పదును

పదునైన చైను పొట్టును గోరంత తునకలుగా విసురుతుంది. పిండిలా రాలుతుంటే మొద్దుబారింది. మొద్దు చైనును కొయ్యకు నొక్కాల్సి వస్తుంది, నొక్కితే పట్టు తప్పుతుంది. తీరం ఇసుకలో, చిల్లచెట్టు మొదట్లో మట్టి పట్టిన బెరడులో పదును గంట కూడా నిలవదు. దుంగ కోస్తూ మొన ఒక్కసారి నేలను తాకినా చైను తీసి ఆకురాయి పట్టాల్సిందే.

గుండ్రటి ఆకురాయి కొలత చైనును బట్టి, అంటే అంగుళాల్లో చెప్పే దాని లింకుల ఎడాన్ని బట్టి ఉంటుంది. చిన్న మిషన్లకు వచ్చే పల్చటి 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లు, 0.325 చైనుకు 4.8, పెద్ద 3/8 చైనుకు 5.2 లేదా 5.5. మొద్దులో గాడి కొట్టి బార్‌ను అందులో బిగించి, చైన్ బ్రేకు వేసి మొదలుపెట్టండి. ఆకురాయి లావులో ఐదో వంతు పంటి పై అంచు కన్నా పైకి కనపడాలి. పంటి మీదున్న గీతకు సమాంతరంగా, ఎక్కువ చైన్లకు 30 డిగ్రీలు, లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి లాగేటప్పుడు పంటికి తగలనివ్వకండి. ఒక వైపు పళ్లన్నింటికీ మూడు తోపులైతే, రెండో వైపూ మూడే. ఒక వైపు ఎక్కువ అరిగితే కోత వంకర పోయి అర్ధచంద్రం తిరుగుతుంది. ఎంత తిట్టుకున్నా బార్ తప్పు కాదది.

మూడు నాలుగు సార్లు పదును పెట్టాక పంటి ముందుండే బొడిపె ఎత్తుగా మిగిలిపోయి పంటిని కొయ్యలోకి దిగనివ్వదు. చదును ఆకురాయితో దాన్ని పంటి కన్నా 0.65 మిల్లీమీటరు కిందికి తేవాలి. గేజి లేకుండా అందాజుగా రాకి ఎక్కువ దించితే పన్ను అతిగా దిగబడి మిషన్ కుదుపులు కొడుతుంది, కిక్‌బ్యాక్ పెరుగుతుంది. పంటి పొడుగు 4 మిల్లీమీటర్లకు వచ్చిన చైను మార్చాలి. రెండు చైన్లు అరిగేసరికి పళ్లచక్రం కూడా మార్చాలి, లేకపోతే కొత్త చైను నెలకే పోతుంది.

సాయంత్రం పని, సీజన్ చివర పని

రోజూ ఎయిర్ ఫిల్టర్ విప్పి దులపండి. నల్లగా ఉంటే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఫిల్టర్ మూసుకుపోతే పొగ ఎక్కువై బలం తగ్గుతుంది, కొందరు అది కార్బురేటర్ తప్పనుకుని స్క్రూలు తిప్పి ఇంకా చెడగొడతారు. బార్ గాడిని సన్నటి రేకుతో గీకి, ఆయిల్ రంధ్రం తుడిచి, రోజు మార్చి రోజు బార్‌ను తిరగేసి బిగిస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి. ప్లగ్గు సందు 0.5 మిల్లీమీటరు. సిలిండర్ రెక్కల మధ్య పొట్టు పేరుకుంటే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది, బ్రష్‌తో తీసేయండి.

బలం ఉన్నట్టుండి తగ్గి శబ్దం సన్నగా, ఎత్తుగా మారిందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది లేదా పెట్రోలు చాలడం లేదు. వెంటనే ఆపాలి. అలాగే నడిపితే పది నిమిషాల్లో పిస్టన్ గీతలు పడుతుంది, ఆ ఖర్చు కొత్త మిషన్ ధరలో సగం.

నెలకు మించి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయి ఆగేదాకా నడపండి. ప్లగ్గు విప్పి చెంచాడు 2టీ ఆయిల్ పోసి, తాడును రెండు మూడు సార్లు నెమ్మదిగా లాగి ప్లగ్గు బిగించండి. చైను వదులు చేసి, బార్‌కు తొడుగు వేసి, పిల్లలకు అందని ఎత్తులో, యూరియా మూటలకు దూరంగా పెట్టండి. ఎరువు తేమకు చైను తుప్పు పడుతుంది.